కరెంటు పోతే పాడే బ్యాండు

తాండూరులో ఆ రోజుల్లో చెవులకు సెలవు దొరికేది కరెంటు పోయినప్పుడే. తెల్లారింది మొదలు బండల పాలిష్ మిషన్లు గుర్రుమంటూనే ఉండేవి. పక్కింటి మనిషిని పిలవాలంటే గోడ మీద రాయితో కొట్టాలి. చంటిపిల్లలు ఆ మోతలోనే పుట్టి ఆ మోతలోనే నిద్రపోయేవాళ్లు. మోత ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు పోయేది. గొంతు పట్టుకున్నట్టు మిషన్లన్నీ ఒక్కసారే ఆగిపోయేవి. అప్పుడు ఊరు వినబడేది. కాకులు వినబడేవి, స్టేషనులో రైలు కూత వినబడేది, ఎవరింట్లోనో పోపు చిటపటలాడడం వినబడేది.

ఊరంతా విసనకర్రలు వెతుక్కుంటూ తిట్టుకునే ఆ వేళ కోసం ముగ్గురు స్నేహితులు మాత్రం కాచుకుని ఉండేవాళ్లు. పాండురంగం, యోబు ఒకే పాలిష్ యార్డులో పనిచేసేవాళ్లు. మిషను ఆగిందంటే మళ్లీ తిరిగేదాకా వాళ్లకు పని లేదు. మోకాళ్లదాకా అంటిన బూడిదరంగు బురదను తొట్టిలో కడుక్కుని రైలు కట్ట దాటి పరుగున వచ్చేవాళ్లు. మూడోవాడు కరీముద్దీన్, దర్జీ. కొలత ఇస్తున్న మనిషిని చేతులు చాపుకుని ఉన్నవాణ్ని ఉన్నట్టే వదిలేసి, దుకాణం వెనకున్న తన ఇంట్లోకి దూరేవాడు. అక్కడ వాళ్ల పాట మొదలయ్యేది.

పాడేది పాండురంగం. యోబుది హార్మోనియం. చర్చిలో కొత్తది వచ్చాక మూలన పడేసిన పాతపెట్టెను అడిగి తెచ్చుకుని, చిరిగిన తోలుతిత్తికి తనే అతుకులేసుకున్నాడు. కరీముద్దీన్‌ది బుల్‌బుల్ తరంగ్. టైపు మిషను మీటల్లాంటి మీటలు నొక్కుతూ తీగలు మీటే వాయిద్యం అది. ఊళ్లో అందరూ దాన్ని బెంజో అనేవాళ్లు. దుబాయిలో పనిచేసే కరీముద్దీన్ బావ తెచ్చిచ్చిన టేపురికార్డరు ఆ బ్యాండుకు ప్రాణం. కరెంటు ఉంటే మిషన్ల మోత, మోత లేకపోతే కరెంటు ఉండదు. అందుకని ఆ టేపురికార్డరు ఎప్పుడూ సెల్లుల మీదే తిరిగేది.

నాలుగో మనిషి యాదమ్మ, పాండురంగం భార్య. ముగ్గురి చేతులూ ఖాళీ ఉండవు గనుక పాట టేపులోకి ఎక్కేందుకు ఎర్రమీటా దాని పక్కమీటా కలిపి నొక్కే పని ఆమెకు పడింది. మొదట్లో ఆ పెట్టెను ముట్టుకోవాలంటేనే భయపడింది. తర్వాత తర్వాత, ఆమె తప్ప ఇంకెవరు నొక్కినా పాట సరిగ్గా రాదని వాళ్లే అనుకునేంతదాకా వచ్చింది. కిటికీకి బొంత కట్టి, తలుపు సందులో చింకిగుడ్డలు దోపి, అందరూ ఊపిరి బిగబట్టాక ఆమె చెయ్యి ఎత్తేది. ఆ చెయ్యి దిగితే పాట మొదలు. దిగాక ఒక్కరు మాట్లాడకూడదు. మాట పడితే పాట పాడైపోయినట్టే అని పాండురంగం కట్టడి చేశాడు. దగ్గు వచ్చినవాడు దిండును నోట్లో కుక్కుకోవాల్సిందే.

ఆ కట్టడికి లోబడనిది ఆ ఇంట్లో ఇద్దరే. ఒకటి కరీముద్దీన్ తల్లి అలీమాబీ. రెండోది ఆమె మేక.

"ఆ, పోయిందా కరెంటు? ఇగ వస్తరు నా పిచ్చోళ్లు," అనేది అలీమాబీ, మిషన్లు ఆగిన మరుక్షణంలో. "యాదమ్మా, నీ మొగనికి జర చెప్పు బిడ్డా. మా ఇంట్ల నేను దగ్గొద్దట, తుమ్మొద్దట. నమాజుకు గిట్ల నిలబడనీకె కూడ ఆయన్ని అడగాల్నా?"

"అమ్మీజాన్, నీ దగ్గు కూడ టేపుల పడితే దుబాయిల బావ వింటడు," అని కరీముద్దీన్ నవ్వేవాడు.

"విననీ! ముసల్ది ఇంకా బతికే ఉన్నదని తెలుస్తది."

అలా తయారైన కాసెట్లను బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో పెట్టేవాళ్లు. లారీల మీద బండలు ఎత్తే కూలీలు చాయ్ చల్లారిపోయేదాకా వినేవాళ్లు. 'కరెంటు పోయిన బ్యాండు' అని ఎవరో పేరు పెట్టారు. అదే నిలిచిపోయింది. పాటలన్నీ పాండురంగం కట్టుకున్నవే. యార్డులో మిషను ముందు నిలబడి, ఎవరికీ వినబడని ఆ మోతలో గొంతెత్తి పాడుకుంటూ కట్టేవాడు. అన్నింట్లోకి యాదమ్మకు ఇష్టమైంది, ఊరి పక్కన పారే కాగ్నా నది మీద కట్టిన పాట:

*కాగ్నల నీళ్లొచ్చె, కందిచేను పూసె,*
*కానరాని దారెంట కబురెవరు తెచ్చె…*

రెండో లైను చివర 'తెచ్చె' అనే మాటను పాండురంగం పైకి తీసుకుపోయి అక్కడే నిలిపేవాడు. నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని గడప దాటే మనిషిలా ఆ గొంతు వంగకుండా, తొణక్కుండా ఉండేది. అది ఆగేదాకా యాదమ్మ కూడా ఊపిరి వదిలేది కాదు.

ఎనభై మూడో సంవత్సరం చలికాలంలో పాండురంగానికి దగ్గు పట్టుకుంది. బండల దుమ్మని మొదట అందరూ అన్నారు. బెల్లం, మిరియాలు, వాము, అన్నీ అయ్యాయి. ఒకరోజు పాట మధ్యలో దిండును నోట్లో కుక్కుకున్నాడు. తీస్తే దిండు మీద ఎర్రమరక ఉంది. ఆ పాట పూర్తి కాలేదు. వికారాబాదు గుట్టమీది దవాఖానాలో చేర్చుకున్నారు. టీబీ అన్నారు, నెలల తరబడి ఉండాలన్నారు, మాత్రలు ఒక్కపూట కూడా తప్పకూడదన్నారు.

కరెంటు పోతూనే ఉంది. మిషన్లు ఆగుతూనే ఉన్నాయి. యోబు వచ్చి కరీముద్దీన్ గుమ్మంలో కూర్చునేవాడు. ఇద్దరూ బీడీ కాల్చుకుని లేచిపోయేవాళ్లు.

"గిట్ల కూసుంటే ఏమొస్తది?" అన్నాడు ఒకరోజు కరీముద్దీన్. "వాడు లేని పాట చేద్దాం. బెంజో, హార్మోనియం మనం వాయించుదాం. వాడి జాగ వాడికి ఖాళీ పెడదాం. భాభీ తీస్కపోయి వినిపిస్తది. ఆడ కూసోని వాడే పాడుకుంటడు. మంచం మీద పండి పండి పరేషాన్ అయితున్నడు గదా."

"మెల్లగ పాడుకుంటే పాడుకొమ్మని డాక్టరమ్మ కూడ అన్నది," అంది యాదమ్మ. ఆ ఆలోచన తట్టినందుకు కరీముద్దీన్‌కు అప్పటికప్పుడు మొక్కాలనిపించింది ఆమెకు.

తలచుకున్నంత తేలిక కాలేదు. గొంతు లేని పాటకు వాయించడం వాళ్లకు చేతకాలేదు. చరణం ఎక్కడ ముగుస్తుందో తెలియక ఒకడు ముందుకు పోయేవాడు, ఒకడు వెనకబడేవాడు. యాదమ్మ వాళ్ల ఎదురుగా కూర్చుని చప్పుడు లేకుండా పెదవులతో పాట మొత్తం చెప్పింది. వాళ్లు ఆమె నోటిని చూస్తూ వాయించారు. ఇలా ఎన్నిసార్లు చెరిపారో, ఎన్నిసార్లు మొదలుపెట్టారో! సెల్లులు అయిపోవచ్చాయి. కొత్తవి తెద్దామంటే పైసలు దండగని యాదమ్మే వద్దంది. అయిపోయిన సెల్లులను బండల మిద్దె మీద ఎండలో పెడితే మళ్లీ కాస్త ప్రాణం వస్తుందని ఆ గల్లీలో ఆడవాళ్లందరికీ తెలుసు. వడియాల పక్కన ఆరబెట్టి, వేడివేడిగా తెచ్చి వేసింది. టేపు తిరిగింది. చివరికి ఒక పాట కుదిరింది. అప్పటికప్పుడే వెనక్కి తిప్పి విన్నారు. బాగుంది.

"ఇది విన్నడంటే మంచం దిగి ఉరుకొస్తడు," అన్నాడు యోబు.

ప్రయాణం రోజు యాదమ్మ ఎవరికీ చెప్పకుండా కిరాణా దుకాణానికి పోయి కొత్త సెల్లులు కొని వేసింది. రోగం మీదున్న మనిషికి నీరసపు సెల్లులతో వినిపించడం ఆమెకు మనసొప్పలేదు. ప్యాసింజరు రైల్లో దారి పొడుగునా టేపురికార్డరును ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ధారూరు దాటాక ఎదురుగా కూర్చున్న కన్నడపు ముసలమ్మ కొంగు కప్పిన పెట్టెను చూసి పసిబిడ్డ అనుకుని, 'మగువా?' అని, అంటే పాపా అని, తన భాషలో అడిగింది. యాదమ్మ నవ్వి, అవునన్నట్టు తలూపింది.

గుట్టమీద చెట్ల మధ్య పొడుగాటి వార్డు, వరుసగా ఇనుపమంచాలు. పాండురంగం చెంపలు లోపలికి పోయాయి. పెట్టెను చూడగానే లేచి కూర్చున్నాడు.

"యోబుగాడు పంపిండా? కరీం ఎట్లున్నడు?"

"ఇను, నీకే తెలుస్తది," అని మీట నొక్కింది.

బెంజో మొదలుకాగానే పాండురంగం ముఖంలోకి రక్తం వచ్చినట్టయింది. పక్కమంచం మీది ముసలాయన కూడా ఇటు తిరిగి కూర్చున్నాడు. ఆయన పేరు ఎంకయ్య, తాండూరు దగ్గరి పెద్దేముల్ మనిషి. హార్మోనియం అందుకుంది. పాండురంగం గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. 'కాగ్నల' అనేసరికే గొంతు కీచుమంది. అందలేదు. "ఉండు, మళ్ల పెట్టు," అన్నాడు. మళ్లీ పెట్టింది. ఈసారి ఇంకా గట్టిగా ప్రయత్నించాడు. మెడనరాలు తేలాయి. వాయిద్యం ముందు ముందుకు ఉరుకుతోంది. అతను వెనక వెనక పడుతున్నాడు. వెళ్లిపోయే బండిని అందుకోలేక చెయ్యి చాపి నిలబడిపోయిన మనిషిలా నోరు తెరిచి ఆగిపోయాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక తనే చెయ్యి చాపి పెట్టెను ఆపేశాడు.

"పొయింది," అన్నాడు.

"ఏంది పొయింది? మెల్లగ వస్తది తియ్యి…"

"నా పాటనే నాకు అందుతలేదు యాదీ. నా గొంతు సంగతి నాకు తెల్వదా? పొయింది." గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఆ డబ్బ తీస్కపో, మళ్ల తేకు. వేరేటోన్ని చూస్కొమ్మని యోబుకు చెప్పు."

మాత్రలు తెచ్చిన నర్సుకు చెయ్యి చాపలేదు. "పెట్టిపో, తర్వాత వేసుకుంట," అన్నాడు. నర్సు యాదమ్మను వరండాలోకి పిలిచి, ఇలా మొండికేస్తే రోగం తిరగబెడుతుందని, ఆ తర్వాత తామేం చేయలేమని చెప్పింది. యాదమ్మ తిరిగి వెళ్లేసరికి అతను అటే తిరిగి ఉన్నాడు. "మాత్ర మింగు," అని బతిమాలింది. "ఎందుకు? మోత వినుకుంట బతకనీకెనా?" అన్నాడు పాండురంగం.

మర్నాడు మిషన్లు ఆగగానే యాదమ్మ టేపురికార్డరు తీసుకుపోయి కరీముద్దీన్ ముందు పెట్టింది. జరిగింది చెప్పింది. కరీముద్దీన్ తల దించుకున్నాడు.

"మంచి చేస్తమని పొయ్యి మనమే వాని గొంతు కోసినం," అన్నాడు యోబు. "జర పెట్టు వదినా, ఒకపారి విందాం. ఏడ అందలేదో చూద్దాం."

పెట్టింది. ముగ్గురూ తలలు వంచుకుని విన్నారు. పాట అయిపోయింది. అయిపోయాక, యాదమ్మ మీట ఆపడానికి ముందు, ఆరోజు పెరట్లో మేక అరిచిన అరుపు కూడా టేపులో పడింది. సన్నగా, కీచుగా 'మే' అంది.

వంటింట్లో రొట్టెలు చేస్తున్న అలీమాబీ పిండిచేతులతో బయటికొచ్చింది.

"ఎవరి మేకపిల్ల అది? మన పెరట్లకెట్ల వచ్చింది?"

"పిల్ల కాదు అమ్మీ, మన మేకనే. టేపుల పడ్డది."

"చుప్! నా మేక గొంతు నాకు తెల్వదా? అది అరిస్తే మసీదుల ముల్లా బాంగు ఇచ్చినట్టుంటది. ఇది పాలుతాగే పిల్ల. మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టారు. మళ్లీ 'మే' అంది. పెరట్లో ఉన్న అసలు మేక, తనను ఎవరో పిలిచారనుకుందో ఏమో, బొంగురుగా బదులిచ్చింది. ఆ రెండు అరుపులకూ పొంతన లేదు. అలీమాబీ కొడుకు వైపు చూసి, "నేను చెప్పలే?" అంది.

యోబు ఒక్క ఉదుటున హార్మోనియం మూత తీశాడు. "పాట పెట్టు వదినా, మొదటికెళ్లి." టేపు తిరుగుతుంటే ఒక్కో మెట్టూ నొక్కి చూశాడు. "నేను వాయించింది రెండు శృతిల. పాండు గొంతు రెండు శృతినే గదా, ఎప్పుడు గదే. ఇదేమో నాలుగుల పోతున్నది! నేను గింత ఉరుకుడు కూడ ఉరకలే. ఈ హార్మోనియం నాది కాదు, ఈ బెంజో నీది కాదు."

కరీముద్దీన్ టేపురికార్డరు వెనక మూత తెరిచాడు. లోపల సెల్లులు తళతళ మెరుస్తున్నాయి.

"భాభీ, ఇవి ఎప్పుడేసినవ్?"

"నిన్న పొద్దుగాల. ఆయనకు మంచిగ వినపడాలెనని…"

"అరె భాభీ!" కరీముద్దీన్ నుదురు కొట్టుకున్నాడు. "మనం పాట ఎక్కిచ్చింది సచ్చిన సెల్లుల మీద. అప్పుడు టేపు ముసలెద్దు లెక్క నడిచింది. నువ్వు కొత్తవేస్తే గదే టేపు కోడెదూడయి ఉరికింది. ఉరికితే శృతి పైకెక్కదా మరి? ఆ మేక పిల్ల గాలేదా?"

యాదమ్మకు అర్థమయ్యేందుకు ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక గోడకు చేరగిలబడిపోయింది. మనుషులెవరూ మాట్లాడకూడదన్న కట్టడి లేకపోతే, టేపులో ఎవరి గొంతైనా ఒక్క ముక్క ఉండి ఉంటే, పాండురంగమే గుర్తుపట్టి నవ్వేవాడు. ఉన్న ఒక్క గొంతు మేకది. అక్కడిదాకా అతను విననే లేదు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలీమాబీ వచ్చి పిండి చేత్తోనే ఆమె తల నిమిరింది. "పో బిడ్డా, పొయ్యి చెప్పు. గొంతు పోలేదని చెప్పు."

"చెప్తే నమ్ముతడా వాడు?" అన్నాడు యోబు. "వాని సంగతి నీకెరుక లేదు. నా హార్మోనియాన్నే తీస్కపోదాం."

ఆదివారం ముగ్గురూ బయలుదేరారు. హార్మోనియాన్ని దుప్పట్లో మూటకట్టి యోబు నెత్తిన పెట్టుకున్నాడు. గుట్ట ఎక్కుతుంటే కోతులు ఆ మూట వెంటపడ్డాయి. కరీముద్దీన్ బెంజోను కడుపుకు అదుముకుని, "ఇది తినేది కాదురా బాబూ," అని వాటిని బతిమాలుకుంటూ నడిచాడు.

పాండురంగం వాళ్లను చూసి సంతోషించలేదు. యాదమ్మ సెల్లుల సంగతి చెప్పింది. మేక సంగతి కరీముద్దీన్ చెప్పాడు.

"మేక సాక్ష్యం చెప్పిందా?" అన్నాడు పాండురంగం ఎండిపోయిన నవ్వుతో. "నన్ను మురిపియ్యనీకె ముగ్గురు కలిసి మంచి కథనే కట్టిన్రు. గిది గూడ పాట కట్టున్రి."

"నోరు ముయ్యి," అన్నాడు యోబు మూట విప్పుతూ. "కాదు, నోరు తెరువు. ఇగో, రెండు శృతి. నీ ముందరనే నొక్కుతున్న. దీంట్ల సెల్లులు లేవు."

తిత్తి కదిలింది. ఆ పాతపెట్టె గరగరమంటూ తన మామూలు ధ్వని పట్టుకుంది. పాండురంగం కాసేపు మెట్ల వైపే చూశాడు. అతని పెదవులు కదలబోయి ఆగడం యాదమ్మ చూసింది. ఇప్పుడు కూడా అందకపోతే ఇక చెప్పడానికి ఎవరి దగ్గరా మాట లేదు.

*కాగ్నల నీళ్లొచ్చె, కందిచేను పూసె…*

అందింది. సన్నబడింది, కొంచెం వణికింది, కానీ అది పాండురంగం గొంతే. వార్డులో అటు తిరిగి పడుకున్నవాళ్లు ఇటు తిరిగారు. పాండురంగం కళ్లు పెద్దవయ్యాయి. రెండో లైను ఎత్తుకున్నాడు. 'కానరాని దారెంట' అనేదాకా వచ్చి ఊపిరి తెగిపోయింది. గొంతు ఉంది, దానికింద దమ్ము లేదు. మాట సగంలో ఆగింది. యోబు చేతులు ఆగలేదు గానీ ముఖం పాలిపోయింది. కరీముద్దీన్ ఏం చేయాలో తెలియక ఒకే తీగ మీటుతూ ఉండిపోయాడు. గొంతు పోయిందన్నది అబద్ధం. ఏమీ పోలేదన్నది కూడా అబద్ధమేనని ఆ క్షణంలో అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు పక్కమంచం మీది ఎంకయ్య, ఎవరూ అడగకుండానే, బొంగురు గొంతుతో అందుకున్నాడు:

*…కబురెవరు తెచ్చె, ఓ అన్న, కబురెవరు తెచ్చె…*

పెద్దేముల్ భజనలో పుట్టి పెరిగిన మనిషి, తాండూరు బస్టాండు చాయ్ హోటల్లో ఆ కాసెట్టు ఎన్నిసార్లో విన్నవాడు. పాడేవాడు ఆగితే వంత అందుకోవడం ఆయనకు అన్నంలో ఉప్పు వేసుకున్నంత మామూలు. ఆ వంత తిరిగి వచ్చేలోగా పాండురంగం నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకుని మొదటి లైను మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి రెండో లైనుకు యోబు, కరీముద్దీన్ కూడా ఎంకయ్యతో కలిశారు. తర్వాత ఇంకో మంచం కలిసింది. మధ్యలో ఎవరికో దగ్గు వచ్చింది. ఆ మనిషి దగ్గుకుని మళ్లీ వచ్చి కలిశాడు.

రేడియోలో పాడేవాళ్లు ఒక్కరే పాడతారు, వంతపాట గుడిమెట్ల మీది వ్యవహారం అని ఇన్నాళ్లూ అనుకున్న మనిషి పాండురంగం. పాట ముగిశాక అతను రొప్పుతూ ఎంకయ్య వైపు తిరిగాడు. ఏమంటాడోనని యాదమ్మ భయపడింది.

"పెద్దమనిషీ, ఆఖరి పారి నువ్వు జర ముందుగల ఎత్తుకున్నవ్."

"నీ దమ్ము నిలుస్తదో లేదోనని ఎత్తుకున్న," అన్నాడు ఎంకయ్య. "నిలిచేదైతే ముందుగల చెప్పు. నాకేం పని లేదా?"

"ఏం పనున్నది నీకు?"

"దగ్గాలె గదా!"

వార్డు వార్డంతా నవ్వింది. కొందరికి నవ్వు దగ్గుగా మారింది. ఆ గోల విని నర్సు పరుగున వచ్చింది. వచ్చిపోయే వేళ అయిపోయిందని, ఇది దవాఖానా అనుకున్నారా జాతర అనుకున్నారా అని అందరి మీదా గయ్యిమంది. యోబు గబగబా పెట్టె మూసి దుప్పటి కోసం వెతుక్కున్నాడు.

"ఉండురా, మూయకు," అన్నాడు పాండురంగం. "ఒకటిన్నర శృతికి దించు. మొదటి లైను నాది. రెండోది మీ అందరిది. 'తెచ్చె' అనేదాన్ని నేను పైకి తీస్కపోను, ఎంకయ్య కిందికి తీస్కపోతడు. ఒక్కపారి చూద్దాం, ఒక్కటే పారి సిస్టరమ్మా, నీ కాల్మొక్కుత."

"ముందుగాల ఇవి మింగు," అంది నర్సు, మాత్రల గిన్నె ముఖం మీదికి తెచ్చి. "పొద్దటివి కూడ అట్లనే ఉన్నయి."

పాండురంగం గిన్నె అందుకున్నాడు. యాదమ్మ నీళ్లు ఇచ్చింది. అతను మాత్రలన్నీ ఒక్కసారే నోట్లో వేసుకుని, బుగ్గ నిండా నీళ్లు పట్టి, మాట్లాడేందుకు వీలుకాక, ఎత్తుకోండి అన్నట్టు రెండో చేత్తో ఇనుపమంచం మీద తాళం మొదలుపెట్టాడు.